కూరాకు కోసం అడవికి పోనక్కరలేదు

మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పి జవాబులోకి వెళతాను. మీ అవ్వ ఉన్నంతకాలం తొలకరి పడిన పదిహేను రోజులకల్లా చేలగెనాల (గట్ల) మీద నుంచి ఒడినిండా ఆకు కోసుకొచ్చి కలగూరాకు పప్పు చేసేదనీ, ఆమె పోయాక ఆ ఆకుల పేర్లు చెప్పేవారు ఇంట్లో లేరనీ, ఇప్పుడు తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటున్న మీరు ఆదివారాల్లో శేషాచలం కొండల అంచుకు వెళ్ళి ఆకులు, దుంపలు, పండ్లు ఏరుకుని వండుకోవాలనుకుంటున్నారనీ రాశారు. ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్ ఫోనులో ఉంది, అది సరిపోతుందా, ఏ మొక్కతో మొదలుపెట్టాలి, ఎలా వండాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను వ్యవసాయ శాఖలో ముప్పై ఏండ్లు పనిచేసి, చంద్రగిరి, పాకాల, పులిచెర్ల మండలాల చేలల్లో తిరిగి రిటైరయిన మనిషిని. ఉద్యోగరీత్యా నేను రైతులకు చెప్పింది కలుపును మొలకలోనే తీసేయమని. ఆ కలుపులో సగం మధ్యాహ్నానికి వాళ్ళ సంగటిలోకి కూర అవుతున్నదని నాకు తెలియడానికి నాలుగైదేండ్లు పట్టింది. అందుకని మీకు మొదట చెప్పవలసిన మాట ఇది: మీ అవ్వ తెచ్చిన ఆకు అడవిది కాదు, చేనుది. చెంచలి, చిలకతోటకూర, గంగపాయల, గలిజేరు, పొన్నగంటి వంటివి దున్నిన నేల, పెంట తోలిన నేల, ఎండ బాగా పడే నేల కోరుకునే మొక్కలు. చెట్ల నీడ కమ్మిన కొండవాలులో రోజంతా తిరిగినా ఒక పప్పుకు సరిపడా ఆకు దొరకదు. వేరుశనగ చేనులో గంట వంగితే గంప నిండుతుంది.

కొండ వద్దనడానికి చట్టం మరొక కారణం. తిరుపతిని ఆనుకుని ఉన్న అడవిలో 353 చదరపు కిలోమీటర్ల మేర 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కుగా ఉంది, 2010 నుంచి శేషాచలం కొండలు బయోస్ఫియర్ రిజర్వు కూడా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ పార్కు నుంచి అనుమతి లేకుండా అటవీ ఉత్పత్తిని తీసుకురావడం నేరం, అది ఆకు కావచ్చు, గడ్డ కావచ్చు. తరతరాలుగా అడవి మీద బతికే యానాదుల వంటి వారికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఇచ్చిన సేకరణ హక్కు వారిదే, ఆదివారం సరదాకు వెళ్ళే మనది కాదు. పైగా ఎర్రచందనం పెరిగే అడవిలో కొడవలి, సంచి పట్టుకుని తెల్లవారుజామున కనబడిన మనిషి ఎంత మంచివాడైనా వివరణ ఇచ్చుకోవలసి వస్తుంది. పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచుల్లోనైతే ఏనుగుల భయం కూడా ఉంది. కాబట్టి కొండను చూసి రండి, కూర మాత్రం చేనులో వెతకండి.

మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. నైరుతి వానలతో జూన్, జులైలలో ఒకసారి, ఈశాన్య వానలతో అక్టోబరు, నవంబరులలో మరొకసారి, ఏడాదికి రెండు విడతలుగా లేత ఆకు పుడుతుంది. మొదటి విడతలో మెట్ట చేలు, రెండో విడతలో వాటితోపాటు చెరువు కట్టల కింది కయ్యలు, కాలవ గట్లు పచ్చబడతాయి. వాన పడిన పన్నెండో రోజుకూ ఇరవయ్యో రోజుకూ మధ్య కోసిన ఆకు వెన్నలా ఉడుకుతుంది. నెల దాటిందంటే కాడ నారవుతుంది, కంకి వేస్తుంది, ఆకు రుచి పోతుంది.

ఇక యాప్ సంగతి. దాన్ని పూర్తిగా తీసిపారేయను, పేరు వెతుక్కోవడానికి అది ఒక దారి. కానీ కూరాకు విషయంలో దానికి ఒక చిక్కు ఉంది, అది పుస్తకాలకూ ఉంది. మొక్కను నిస్సందేహంగా గుర్తుపట్టేది పువ్వు, కాయ వచ్చాక. మనం కోసుకునేది పువ్వు రాకముందు, నాలుగైదు ఆకుల లేత దశలో. గుర్తుపట్టగలిగిన రోజున అది తినడానికి పనికిరాదు, తినదగిన రోజున దాని ముఖంలో ఆనవాళ్ళు పూర్తిగా ఉండవు. ఆ దశలో ఫొటో తీస్తే యాప్ ఒక్కోసారి నాలుగు పేర్లు చెబుతుంది, ఆ నాలుగింటిలో ఒకటి కూర, ఒకటి విషం అయినా కావచ్చు.

ఈ చిక్కు విప్పడానికి నేను పాటించే పద్ధతి ఒకటే, అది ఓపికతో కూడుకున్నది. తెలిసినవారు చూపించిన మొక్కను లేతగా ఉన్నప్పుడే వేరుతో సహా ఒకటి తవ్వి తెచ్చి ఇంటి మిద్దె మీద తొట్టిలో నాటండి. దానిని కోయకండి. ఆకు ఎలా ముదురుతుందో, ఏ కణుపు దగ్గర పువ్వు వస్తుందో, విత్తనం ఏ రంగులో ఉంటుందో చూస్తూ చివరిదాకా పెరగనివ్వండి. పూవు వచ్చినప్పుడు యాప్‌లో చూడండి, తెలిసినవారికి చూపించండి, అప్పుడు పేరు స్థిరపడుతుంది. దాని విత్తనం అదే తొట్టిలో రాలి, తరువాతి వానకు మొలకెత్తినప్పుడు ఆ మొలకను చూస్తారు చూడండి, ఆ చూపు ఇక జీవితంలో పోదు. ఈ విధంగా సీజనుకు రెండు మొక్కల కంటే ఎక్కువ పెట్టుకోకండి. మూడేండ్లలో పన్నెండు మొక్కలు వస్తాయి, మీ అవ్వ పప్పుకు అంతకంటే అవసరం లేదు.

చూపించేవారు ఎక్కడ దొరుకుతారని అడుగుతారేమో. వేరుశనగ విత్తిన ఇరవై, ఇరవైఐదు రోజులకు మొదటి కలుపు తీస్తారు. ఆ రోజున ఏదైనా తెలిసిన రైతు చేనుకు వెళ్ళి, అడిగి, కలుపు తీసే ఆడవాళ్ళతో పాటు ఒక సాలు పట్టుకుని కూర్చోండి. సాయంత్రం వాళ్ళు ఇంటికి పోయేటప్పుడు కొంగులో ఏది మూట కట్టుకున్నారో, ఏది గట్టు మీద పారేశారో చూస్తే చాలు, దానికి మించిన బడి లేదు. నేను నేర్చుకున్నది కూడా అలాగే, పాకాల దగ్గరి ఒక పల్లెలో.

ఆ ఊరిలో ఒక అవ్వ ఉండేది. ఒకనాడు నేను సొంతంగా ఏరిన ఆకును గర్వంగా ఆమె ముందు పోశాను. ఆమె ఏమీ అనకుండా చాటలో పలచగా పరిచి, ఎడమచేత్తో ఒక్కొక్క రెమ్మనూ తిప్పి చూస్తూ, కుడిచేత్తో ఏరి పక్కకు వేయసాగింది. మూడొంతుల ఆకు గడిచాక ఒక మొలక దగ్గర ఆగింది. పైకి చూస్తే తోటకూర మొలకే. ఆమె దాని ఆకును వేళ్ళ మధ్య నలిపి నా ముక్కు దగ్గర పెట్టింది. కుళ్ళిన నూనె వంటి, తలనొప్పి తెప్పించే ముదురు వాసన. "ఇది ఉమ్మెత్త పిల్ల నాయనా. దీన్ని కూడా వండుకోనుంటే రేపు పొద్దునకి ఊరంతా నిన్ను చూసేదానికి వచ్చుండును" అని, ఆ చెయ్యి బూడిదతో కడుక్కుని మళ్ళీ మిగిలిన ఆకు ఏరింది. గంపలో అయిదు వందల రెమ్మలు సరైనవైనా ఒక్కటి తప్పితే చాలునన్నది నాకు ఆ రోజు అర్థమైంది. చేనులో ఎంత జాగ్రత్తగా కోసినా, ఇంటికి వచ్చాక చాటలో పరిచి రెమ్మ రెమ్మా చూడకుండా ఇప్పటికీ పొయ్యి వెలిగించను.

మొదటి సీజనుకు మీకు నేను చెప్పేవి చెంచలి, చిలకతోటకూర. చెంచలి వేరుశనగ, కంది చేలల్లో విరివిగా వస్తుంది. పలుచని ఆకు, పొడుగు తొడిమ, ముదిరితే సన్నని పొడవాటి కాడ మీద గులాబిరంగు పూలు. రుచి మెత్తన, వాసన లేదు, అందుకే అది ఏ కలగూరలోనైనా సగభాగం ఆక్రమిస్తుంది. చిలకతోటకూరను కొందరు చిర్రాకు అంటారు. దాని ఆకు కొస దగ్గర చిన్న నొక్కు ఉంటుంది, ముల్లు ఉండదు. కణుపుల దగ్గర జంటముళ్ళు కనిపిస్తే అది ముళ్ళతోటకూర. అదీ లేతగా తినదగినదే, కానీ ముల్లు గట్టిపడకముందు కోయాలి.

గంగపాయల విషయంలో కొంచెం నిలిచి చెబుతాను, ఎందుకంటే మొదలుపెట్టినవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. పావిలి అని కూడా పిలిచే ఈ మొక్క నేలను అంటుకుని పాకుతుంది. కాడ ఎర్రగా, నున్నగా, నీరు నిండినట్టు ఉంటుంది. ఆకు దళసరిగా, తొడిమ వైపు సన్నబడి కొస వైపు వెడల్పుగా ఉంటుంది. పువ్వు పసుపు, ఉదయపు ఎండలో విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. అదే నేలలో, అదే రీతిలో పాకే నానబాలు జాతి మొక్కలు ఉన్నాయి. వాటి ఆకు పలుచన, కాడ సన్నన. తేడా తెలియకపోతే కాడ విరిచి చూడండి: గంగపాయలలో తేటనీరు, నానబాలులో తెల్లని పాలు. పాలు కారినది గంపలోకి రాకూడదు. అయితే ఈ పరీక్ష ఈ రెండింటికే పనికివస్తుందని గుర్తుంచుకోండి. పాలు లేని మొక్క అంతా తినదగినదేననుకుంటే ఉమ్మెత్త కూడా కూరే కావాలి, దానిలో పాలు లేవు.

గలిజేరు పేరుతో మన జిల్లాలో రెండు మొక్కలు తిరుగుతున్నాయి. ఒకటి శాస్త్రజ్ఞులు ట్రయాంథిమా అనేది, దాని ఆకుల జంటలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పువ్వు ఆకు తొడిమ మొదట్లోని చిన్న సంచిలో దాక్కుని ఉంటుంది. రెండోది అటికమామిడి, వైద్యులు పునర్నవ అనేది. దాని ఆకు అడుగుభాగం తెల్లన, గులాబిరంగు చిట్టి పూలు పొడవాటి కొమ్మకాడల మీద విడిగా వస్తాయి, కాయలు బంకగా బట్టలకు అంటుకుంటాయి. రెండింటినీ లేతగా తింటారు. ఈ ఆకు మూత్రపిండాలను బాగుచేస్తుందని ఫోనుల్లో ప్రచారమైన నాటి నుంచి గట్టు మీద ఒక రెమ్మ మిగలడం లేదు. గలిజేరులో ఆక్సలేట్లు, అంటే రాళ్ళు కట్టించే లవణాలు ఎక్కువ, కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు దానిని ఔషధమని రోజూ తినడం నాకు ఏ విధంగానూ సమంజసంగా కనబడదు. వండేటప్పుడు కూడా గలిజేరును విడిగా ఉడికించి, ఆ నీరు పారబోసి, తరువాతే పప్పులో కలపాలి. కరిగే ఆక్సలేట్లు చాలావరకు ఆ నీటితో పోతాయి. గంగపాయలకూ ఈ దోషం ఉంది, పెరుగుతో కలిపి తింటే దానిలోని కాల్షియం కొంత పట్టుకుంటుంది.

పొన్నగంటి అందరికీ తెలిసినదే, ఆకు మొదట్లో తెల్లని గుండీల వంటి పూలు. వాయింట అయిదు వేళ్ళ చెయ్యిలా విచ్చుకున్న ఆకు, ఆవాల ఘాటు, పప్పుకు గుప్పెడు మించితే చేదు తేలుతుంది. కామంచి ఆకు ఉడికించి తినదగినదే, పండు బాగా నల్లబడ్డాకే నోట్లో వేయాలి, పచ్చికాయ వద్దు. బలుసు ముళ్ళపొద, ముళ్ళు ఎదురెదురుగా ఉంటాయి, లేత చిగురు పప్పులో వేస్తారు. బతికుంటే బలుసాకు తినవచ్చు అన్న సామెతను బట్టి అది గతిలేనివారి తిండి అనుకుంటారు గానీ, చింతపండు తగలకుండా వట్టి పెసరపప్పుతో వండితే అది గతి ఉన్నవారికీ రుచిస్తుంది.

పేర్ల గురించి ఒక హెచ్చరిక. నగరి, సత్యవేడు, పుత్తూరు ప్రాంతాల్లో అరవం కలిసిన వాడుక ఉంది. అక్కడ కామంచిని మణత్తక్కాళి అంటారు, అటికమామిడి మూక్కిరట్టై అవుతుంది. పడమటి మండలాల్లో కన్నడం కలుస్తుంది. ఒక ఊరిలో కూర అయిన పేరు పక్క ఊరిలో మరొక మొక్కకు చెందుతుంది. ఎవరైనా ఫోనులో పేరు చెప్పి వండుకోమంటే ఆ మాట మీద వండకండి. మొక్కను చేతికి ఇచ్చి పేరు చెప్పినదే లెక్క.

ఎక్కడ కోయాలన్నదానికంటే ఎక్కడ కోయకూడదన్నది ఇప్పుడు ముఖ్యమైపోయింది. మీ అవ్వ కాలంలో గట్టు మీద ఆకు ఎవరిదైనా నిశ్చింతగా కోసుకోవచ్చు. ఇప్పుడు వేరుశనగలో ఇమాజెథాపిర్, చెరకులో అట్రజిన్, 2,4-డి, మామిడితోటల్లో గ్లైఫోసేట్ వంటి కలుపుమందులు సర్వసాధారణం. గ్లైఫోసేట్ కొట్టిన మొక్క వెంటనే మాడదు, నాలుగైదు రోజులు పచ్చగా, నవనవలాడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో మీరు కోస్తే కంటికి ఏ తేడా తెలియదు, మందు ఆకు లోపలికి ఇంకి ఉంటుంది గనుక ఉప్పునీటిలో ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం లేదు. ఆకులు వింతగా మెలితిరిగి, కాడ వంకర పోయి ఉంటే 2,4-డి తగిలిందనుకోవచ్చు. రైతును అడగడం ఒక్కటే మార్గం, అడిగినా ఆ చేనుకే కాదు, గాలివాలున ఉన్న పక్క చేనుకు ఏం కొట్టారో కూడా అడగండి. ఒకసారి నేనే అడగకుండా ఒక తోట గట్టున పొన్నగంటి కోసి, ఇంటికి వచ్చి, ఏరుతుండగా ఆ తోట యజమాని ఫోను చేసి నిన్న మందు కొట్టించామని చెప్పబట్టి సరిపోయింది. గంపెడు ఆకు గుంతలో పూడ్చాను.

తిరుపతి ఊరిలోపల మురుగుకాలవల వెంబడి, ఖాళీ స్థలాల్లో, రోడ్డు అంచున పెరిగే పొన్నగంటి, తోటకూర ఎంత ఏపుగా ఉన్నా వదిలేయండి. మురుగులోని లోహాలు ఆకులోకి వస్తాయి. యూరియా దండిగా వేసి ఆపైన ఎండబెట్టిన మడిలోని తోటకూరలో నైట్రేట్లు పేరుకుంటాయి, పసిపిల్లలకు పెట్టే ఆకు అలాంటి చోటిది కాకూడదు.

వంట సంగతికి వస్తే, కలగూర అనేది దొరికినదంతా కలిపేయడం కాదు, పాళ్ళ లెక్క ఉంది. మెత్తటి ఆకు సగం, పుల్లటి ఆకు పావు, మిగిలిన పావులో జిగురు, చేదు, ఘాటు అన్నీ సర్దుకోవాలి. నలుగురికి ఒక గ్లాసు, అంటే సుమారు నూటయాభై గ్రాముల కందిపప్పుకు మూడు వందల గ్రాముల ఏరిన ఆకు సరిపోతుంది. చెంచలి, చిలకతోటకూర కలిపి సగం, గంగపాయల పావు, పొన్నగంటి గుప్పెడు, ఉడికించి వార్చిన గలిజేరు గుప్పెడు, వాయింట నాలుగు రెమ్మలు. గంగపాయల పుల్లన గనుక చింతపండు తగ్గించుకోవచ్చు.

ఆకును వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి ముంచి, పైకి తేల్చి తీయాలి. గిన్నె వంచి పారబోస్తే అడుగున కూర్చున్న ఇసుక మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. మూడు నీళ్ళు మార్చాక అడుగున ఇసుక లేదని వేళ్ళతో తడిమి చూసుకోండి. పప్పును మట్టిచట్టిలో గానీ, మందపాటి గిన్నెలో గానీ ముప్పాతిక వంతు ఉడకనిచ్చి, అప్పుడు ఎనిమిది పచ్చిమిరపకాయలు, నాలుగు పలుకులుగా కోసిన ఒక ఎర్రగడ్డ, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, ఆకు వేయాలి. మూత పెట్టకండి, పెడితే ఆకు రంగు మసకబారుతుంది. చింతపండును మొదట్లోనే వేస్తే పులుపుకు పప్పు బిరుసెక్కి ఉడకదు, అందుకని పప్పు గింజ వేళ్ళ మధ్య నలిగాకే పెద్ద ఉసిరికాయంత చింతపండు వేయండి. కుక్కరు మీకు అలవాటైతే పప్పును మాత్రమే కుక్కరులో ఉడికించండి, ఆకుకు కుక్కరు అవసరం లేదు.

ఉడికాక నీరు విడిగా వంచుకోవడం ఈ వంటలో కీలకం. గట్టిగా మిగిలిన పప్పు, ఆకు, మిరపకాయల మీద కల్లుప్పు వేసి పప్పుగుత్తితో ఎనపాలి. మా వైపు ఈ మాటనే వాడతారు, రుబ్బడం కాదు, మెదపడం కూడా కాదు, రెండింటికీ నడుమ. మిరపకాయ చట్టి అంచుకు నొక్కుకుని చితకాలి, ఆకు నార విడిపోవాలి, పప్పు అక్కడక్కడా పలుకు కనిపించాలి. మిక్సీలో వేస్తే ఇవన్నీ ఒకే ముద్దవుతాయి, తిన్నవారికి ఏ ఆకూ నాలుకకు తగలదు. ఎనిపిన తరువాత, వంచిన నీటిని గరిటెతో కొద్దికొద్దిగా పోసుకుంటూ సంగటికి తగిన చిక్కదనానికి తెచ్చుకోవాలి. చెనిగనూనెలో ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన తెల్లగడ్డ, కరివేపాకు తిరగవాత పెట్టి వెంటనే మూత వేయండి, ఆ పొగ పప్పులోకి దిగాలి. వేడి రాగిసంగటి మధ్యలో గుంత చేసి ఈ పప్పు పోసుకుని, పక్కన ఊరుబిండి పచ్చడి ఉంటే ఇంకేమీ వెతకరు.

నల్లేరు గురించి అడిగారు గనుక చెబుతాను, కానీ మొదటి ఏడాది దాని జోలికి పోవద్దని నా సలహా. దానిలో సూదుల వంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. లేత కొసలు రెండు మూడు కణుపులే తీసుకోవాలి, చేతులకు నూనె రాసుకుని కణుపులు తీసేసి, అంచుల నార ఒలిచి, ముక్కలను నూనెలో రంగు మారి ముడుచుకునేదాకా వేయించి, చింతపండు దండిగా వేసి, వేయించిన నువ్వులతో నూరాలి. నేను మొదటిసారి చేసినప్పుడు తొందరపడి ముక్క పచ్చిగా ఉండగానే దించాను. ఒక ముద్ద తిన్నానో లేదో గొంతులో గడ్డిపరకలు గుచ్చినట్టయి, సాయంత్రం దాకా మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. ఇంట్లోవాళ్ళు ఆ పచ్చడిని ఇప్పటికీ నా పేరుతోనే పిలుస్తారు.

వేసవిలో ఆకు ఉండదని దిగులుపడకండి, చింతచిగురు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎర్రఛాయ ఉన్న లేత చిగురును అరచేతుల మధ్య నలిపి, ఈనెలు చెరిగి పప్పులో గానీ మాంసంలో గానీ వేస్తారు, మిగిలినది నీడన ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే ఏడాదంతా వస్తుంది. వానకాలంలో కంచెల మీద పాకే బుద్ధకాకర తీగ ఆకును నానబెట్టిన దోసెల బియ్యంతో కలిపి రుబ్బి దోసె పోస్తారు, మూడు మూలల ఉబ్బిన కాయలోని నల్లని గింజ మీద తెల్లని హృదయాకారపు మచ్చ ఉంటుంది గనుక గుర్తుపట్టడం సులువు. బోడకాకర కాయలు కోసుకోండి గాని తీగ కింది గడ్డను తవ్వకండి, ఏటా మళ్ళీ మొలిచేది ఆ గడ్డ నుంచే.

దుంపలు ఏరాలన్న మీ ఆలోచనను మాత్రం పూర్తిగా మానుకోమని చెబుతున్నాను. కంచెల్లో పెరిగే అడవినాభి పువ్వు నిప్పుమంటలా అందంగా ఉంటుంది, పువ్వు లేని రోజుల్లో దాని దుంప చూసి గడ్డ అనుకుని తిన్నవారు బతకడం కష్టం, దానిలో ఉన్నది కోల్చిసిన్ అనే విషం. నన్నారి షర్బతుకు వాడే గడ్డల కోసం తవ్వి తవ్వి ఆ తీగ అడవిలో అరుదైపోయింది, అది కొనుక్కోవడమే మంచిది. పండ్లలో రేగు, నేరేడు, ఈత, కలివి, సీమచింత వంటి చిన్నప్పటి నుంచి తెలిసినవి చాలు. పక్షి కొరికింది కాబట్టి మనం తినవచ్చు అన్న లెక్క నమ్మకండి. విషముష్టి పండు గుజ్జును కోతులు తింటాయి, దాని గింజలో ఉన్నది స్ట్రిక్నిన్ అనే విషం. పిల్లలను వెంట తీసుకెళితే నేపాళం కాయల దగ్గర కన్నేసి ఉంచండి, గింజ విషమే అయినా రుచిగా ఉండడంతో పిల్లలు ఒకటితో ఆగరు.

గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు కొత్త ఆకు ఏదైనా డాక్టరును అడగకుండా తినకూడదు. మిగిలినవారైనా కొత్త ఆకును మొదటిసారి విడిగా, కొద్దిగా వండుకుని తిని ఒకరోజు ఆగాలి, కలగూరలో కలిపితే పడనిది ఏదో తెలియదు. ఈ రుచి చూడడం గుర్తుపట్టిన ఆకుకే, తెలియని ఆకును పరీక్షించే పద్ధతి కాదు. ఎప్పుడైనా కూర తిన్న తరువాత నోరు ఎండిపోవడం, కనుపాపలు పెద్దవవడం, పొంతన లేని మాటలు వస్తే అది ఉమ్మెత్త లక్షణం. కక్కించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోను చేసి, మిగిలిన కూరను, ఏరి పారేసిన రెమ్మలను కూడా సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళండి. ఆ రెమ్మలు చూస్తే డాక్టరుకు పని సగం తేలిక అవుతుంది. నేను వంట అయ్యి, తిని, మరునాడు వచ్చేదాకా ఏరిన చెత్తను పారేయకపోవడానికి ఇదే కారణం.

మీరు రాసిన దాన్నిబట్టి మీ అవ్వ ఊరు పులిచెర్ల పక్కనే. అక్కడ మీ బంధువులు ఇంకా వేరుశనగ పెడుతుంటే విత్తిన తేదీ కనుక్కుని, ఇరవై రోజులు కలిపి, ఆ వారం సెలవు పెట్టుకోండి. పోయేటప్పుడు ఒక చిన్న తొట్టి, పిడికెడు పెంటమన్ను తీసుకెళ్ళండి. మొదటి చెంచలి మొక్కను కోయకుండా దానిలో నాటుకుని వెనక్కి రండి.